జేమీటర్‌కి సొంత సెటప్ ప్లగిన్ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టీమ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా ఇవే సందేహాలు. చెప్పి చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసి పెట్టాను. జేమీటర్ అంటే సర్వర్ మీద ఒకేసారి చాలామంది యూజర్ల లోడ్ వేసి కొలిచే టూల్, అందులో ఒక్కో థ్రెడ్ ఒక్కో నకిలీ యూజర్. సెటప్ అంటే కొలత మొదలవకముందు డేటా లాంటివి సిద్ధం చేసే పని. పై నుంచి కిందికి వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. క్లాసుల పేర్లని ఇక్కడ విడివిడి మాటలుగా రాశాను, కోడ్‌లో అవి కలిసే ఉంటాయి. జవాబులు జేమీటర్ 5 వరస వెర్షన్లకి సంబంధించినవి.

## మొదలుపెట్టక ముందు

అసలు ప్లగిన్ రాయాలా? సెటప్ థ్రెడ్ గ్రూప్‌లో గ్రూవీ స్క్రిప్ట్ పెడితే చాలదా?

చాలాసార్లు చాలు. సెటప్ థ్రెడ్ గ్రూప్ కింద ఒక జేఎస్ఆర్223 శాంప్లర్ (ప్లాన్‌లో స్క్రిప్ట్ నడిపే ఎలిమెంట్) పెట్టి, ముప్ఫై నలభై లైన్ల గ్రూవీ రాస్తే పని అయిపోయే చోట జావా ప్రాజెక్టు తెరవడం అనవసరం. అదే స్క్రిప్టుని మూడో టెస్ట్ ప్లాన్‌లోకి కాపీ చేస్తున్నప్పుడు మాత్రం ఆగి ఆలోచించండి. ఒకచోట తప్పు దిద్దితే మిగతా రెండు చోట్లా అది అలాగే ఉండిపోతుంది. సెటప్‌కి యూనిట్ టెస్టులు కావాలన్నా, కోడ్ రాయనివాళ్లు కూడా స్క్రీన్ మీద విలువలు నింపి వాడుకోవాలన్నా ప్లగిన్ రాయడమే మేలు. "ప్లగిన్ అయితే వేగంగా నడుస్తుంది" అన్నది మాత్రం కారణంగా చెప్పకండి. సెటప్ ఎలాగూ కొలతలోకి రాకూడదు, దాని వేగంతో ఫలితాలకి సంబంధం ఉండకూడదు.

సెటప్ కోడ్ పెట్టడానికి నాలుగు చోట్లు కనిపిస్తున్నాయి. దేన్ని ఎంచుకోవాలి?

"ఈ పని ఎన్నిసార్లు జరగాలి?" అని ముందు అడగండి. చోటు దాన్నిబట్టే తేలిపోతుంది.

మొత్తం టెస్టుకి ఒక్కసారి జరగాలంటే టెస్ట్ స్టేట్ లిజనర్ ఇంటర్‌ఫేస్. అందులోని టెస్ట్ స్టార్టెడ్ మెథడ్, థ్రెడ్లేవీ మొదలవకముందు ప్రధాన ఇంజిన్ థ్రెడ్‌లో నడుస్తుంది. థ్రెడ్‌కి ఒకసారి కావాలంటే థ్రెడ్ లిజనర్‌లోని థ్రెడ్ స్టార్టెడ్. ఒక జావా రిక్వెస్ట్‌కి (మీ జావా క్లాస్‌ని నడిపే శాంప్లర్) ముందు ఆ థ్రెడ్‌లో కనెక్షన్ లాంటిది తెరవాలంటే జావా శాంప్లర్ క్లయింట్‌లోని సెటప్ టెస్ట్. ఇక నాలుగోది, సెటప్ థ్రెడ్ గ్రూప్‌లో పెట్టిన మామూలు శాంప్లర్. అది ఎన్నిసార్లు నడవాలో ఆ గ్రూప్‌లోని థ్రెడ్ల సంఖ్య, లూప్ సంఖ్య తేలుస్తాయి.

నేను ఎక్కువగా వాడేది ఈ నాలుగోదే. సెటప్ థ్రెడ్ గ్రూపులన్నీ ముగిశాకే జేమీటర్ ప్రధాన గ్రూపుల్ని మొదలుపెడుతుంది. పైగా సెటప్ ఏం చేసిందో టెస్ట్ ప్లాన్ తెరిచినవాళ్లకి కళ్లెదుటే కనిపిస్తుంది. టెస్ట్ స్టేట్ లిజనర్‌లో దాచిన పని ఎవరికీ కనిపించదు. ఆర్నెల్ల తర్వాత రాసినవాళ్లకే గుర్తుండదు.

వేరే టూల్స్‌లో కూడా ఇలాగే ఉంటుందా?

ఆలోచన ఒకటే, పేర్లు వేరు. కే6లో సెటప్ అనే ఫంక్షన్ ఒకసారి నడుస్తుంది. అది తిరిగిచ్చేది జేసన్‌గా మార్చగలిగిన డేటా అయితేనే వర్చువల్ యూజర్లకి చేరుతుంది, ఫంక్షన్లని అలా పంపలేం. దానికి గడువు మామూలుగా 60 సెకన్లు. లోకస్ట్‌లో ఇనిట్, టెస్ట్ స్టార్ట్ అనే ఈవెంట్లు ఉంటాయి, యూజర్ స్థాయిలో ఆన్ స్టార్ట్ ఉంటుంది. గాట్లింగ్‌లో బిఫోర్ బ్లాక్ ఉంది కానీ దాని లోపల గాట్లింగ్ సొంత డీఎస్ఎల్ (టెస్టులు రాసే దాని ప్రత్యేక భాష) పనిచేయదు, మామూలు కోడే రాసుకోవాలి.

సెటప్‌లో ఏం చేయకూడదు?

కొలవాల్సిన పనిని సెటప్‌లోకి నెట్టేయకూడదు. నిజమైన యూజర్ ప్రతిసారీ లాగిన్ అవుతాడనుకోండి. మీరు లాగిన్‌ని సెటప్‌లో ఒకసారి చేసేస్తే లాగిన్ సర్వీసు మీద లోడే పడదు. టెస్ట్ పాసవుతుంది, అసలు రోజున సిస్టమ్ పడిపోతుంది. టెస్ట్ డేటా, కాన్ఫిగరేషన్ సరిచూడటం, టార్గెట్ బతికే ఉందో లేదో చూడటం లాంటివే సెటప్‌కి తగిన పనులు.

## కోడ్ రాస్తున్నప్పుడు

సెటప్ టెస్ట్ మెథడ్ ఒకేసారి నడుస్తుందనుకున్నా. ప్రతి థ్రెడ్‌కీ నడుస్తోందేంటి?

పేరు చూసి అందరూ పడే గుంత ఇది, నేనూ పడ్డాను. 200 థ్రెడ్లు పెట్టి నడిపితే అదే క్యాటలాగ్‌ని 200 సార్లు నింపింది. డేటాబేస్ ఎందుకు మూలుగుతోందో తెలియక అరపూట వెతికాను.

జేమీటర్ ప్రతి థ్రెడ్‌కీ టెస్ట్ ప్లాన్‌కి ఒక నకలు తీస్తుంది. కాబట్టి ప్రతి జావా రిక్వెస్ట్‌కీ, ప్రతి థ్రెడ్‌లోనూ మీ క్లాస్ ఆబ్జెక్ట్ విడిగా పుడుతుంది. ఆ థ్రెడ్ మొదటిసారి ఆ రిక్వెస్ట్ దగ్గరికి వచ్చినప్పుడు సెటప్ టెస్ట్ నడుస్తుంది, ఆ తర్వాత రన్ టెస్ట్ మళ్లీ మళ్లీ నడుస్తుంది. ప్లాన్‌లో అదే క్లాస్‌తో రెండు జావా రిక్వెస్టులుంటే థ్రెడ్‌కి రెండుసార్లు అన్నమాట. అందుకని ఇక్కడ థ్రెడ్ సొంతానికి కావలసినవే పెట్టండి: కనెక్షన్, పార్స్ చేసిన పారామీటర్లు, బఫర్లు.

ఇంకో చిత్రం, టియర్‌డౌన్ టెస్ట్ మెథడ్ (చివర్లో శుభ్రం చేసేది) థ్రెడ్ ముగిసినప్పుడు కాదు, మొత్తం టెస్ట్ ముగిసినప్పుడు నడుస్తుంది. కాబట్టి థ్రెడ్ పని అయిపోయినా దాని కనెక్షన్లు చివరిదాకా తెరిచే ఉంటాయి. అది ఇబ్బంది అయితే థ్రెడ్ లిజనర్ దారి చూసుకోండి.

టెస్ట్ స్టార్టెడ్‌లో ఫీల్డ్‌కి విలువ ఇచ్చాను. థ్రెడ్‌లో చూస్తే నల్!

టెస్ట్ స్టార్టెడ్ నడిచేది నకళ్లు తీయక ముందు, అసలు ఆబ్జెక్ట్ మీద. నకలు తీసేటప్పుడు జేమీటర్ కొత్త ఆబ్జెక్ట్ పుట్టించి, టెస్ట్ ఎలిమెంట్ ప్రాపర్టీలని మాత్రమే దానికి కాపీ చేస్తుంది. మీరు మామూలు జావా ఫీల్డ్‌లో పెట్టింది అసలు దగ్గరే ఉండిపోతుంది. విలువ స్ట్రింగ్ అయితే జేమీటర్ ప్రాపర్టీగా పెట్టేయండి. పెద్ద ఆబ్జెక్ట్ అయితే క్లోన్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి, రిఫరెన్స్‌ని నకలుకి అందించండి. నో థ్రెడ్ క్లోన్ ఇంటర్‌ఫేస్ పెట్టి అందరికీ ఒకే ఆబ్జెక్ట్ ఇవ్వడం మూడో దారి. అప్పుడు ఆ క్లాస్‌ని ఒకేసారి వందల థ్రెడ్లు తాకుతాయి, లాకుల బాధ్యత మీదే. స్టాటిక్ ఫీల్డ్ కూడా పనిచేస్తుంది. కానీ గుయ్ (జేమీటర్ విండో) తెరిచి వరసగా రెండు టెస్టులు నడిపితే మొదటిదాని విలువ రెండోదానికి అంటుకుంటుంది.

సెటప్‌లో తయారైన విలువని వేరియబుల్‌లో పెట్టాలా, ప్రాపర్టీలో పెట్టాలా?

ప్రాపర్టీలో. వేరియబుల్స్ ఆ థ్రెడ్‌కే సొంతం. సెటప్ గ్రూప్ థ్రెడ్‌లో పెట్టిన వేరియబుల్ ఆ థ్రెడ్‌తోనే పోతుంది, ప్రధాన గ్రూప్‌కి అందదు. ప్రాపర్టీలు మొత్తం జేమీటర్ ప్రాసెస్‌కి ఉమ్మడి. ప్లాన్‌లో పీ ఫంక్షన్‌తోనో, ప్రాపర్టీ ఫంక్షన్‌తోనో చదువుకోవచ్చు. ఒక మెలిక ఉంది. వెనక ఉన్నది జావా ప్రాపర్టీస్ క్లాసే కాబట్టి పుట్‌తో ఏ ఆబ్జెక్టునైనా లోపల పెట్టగలరు. కానీ గెట్ ప్రాపర్టీతో చదివితే స్ట్రింగ్ కానిదానికి నల్ వస్తుంది. అంకె పెట్టి "మాయమైపోయింది" అని కంగారు పడేవాళ్లు చాలామంది. స్ట్రింగ్‌గా మార్చి పెట్టండి.

వాడేవాళ్లు విలువలు నింపే పెట్టెలు ఎలా తేవాలి?

జావా శాంప్లర్ క్లయింట్ అయితే గెట్ డిఫాల్ట్ పారామీటర్స్ మెథడ్‌లో పేరు, డిఫాల్ట్ విలువ జతలు ఇవ్వండి. జావా రిక్వెస్ట్ స్క్రీన్‌లో అవి పట్టికలా వస్తాయి. విడి కాన్ఫిగ్ ఎలిమెంట్ రాస్తుంటే టెస్ట్ బీన్ పద్ధతి సులువు. క్లాస్ పేరుకి బీన్ ఇన్ఫో చేర్చి ఒక క్లాస్, పెట్టెల పేర్లకి ఒక రిసోర్సెస్ ఫైల్ రాస్తే చాలు, స్క్రీన్‌ని జేమీటరే గీస్తుంది. స్వింగ్ (జావాలో స్క్రీన్లు గీసే లైబ్రరీ) జోలికి వెళ్లే అవసరం నాకింతవరకు రాలేదు.

సెటప్ ఫెయిలైనా టెస్ట్ ఆగకుండా నడిచిపోతోంది. ఎలా ఆపాలి?

సెటప్ థ్రెడ్ గ్రూప్‌లో "శాంప్లర్ ఎర్రర్ వస్తే ఏం చేయాలి" అన్న చోట మొదట ఉండేది కంటిన్యూ. అంటే డేటా తయారుకాకపోయినా ప్రధాన గ్రూపులు మొదలైపోతాయి. రెండు గంటల టెస్ట్ మొత్తం 404లు కొడుతూ నడుస్తుంది. దాన్ని స్టాప్ టెస్ట్‌కి మార్చండి. అప్పుడు ప్రధాన గ్రూపులు మొదలే కావు.

ప్లగిన్ వైపు కూడా బాధ్యత ఉంది. చాలామంది రన్ టెస్ట్‌లో ఎక్సెప్షన్‌ని పట్టుకుని లాగ్‌లో రాసి, ఫలితాన్ని సక్సెస్‌గా తిరిగిస్తారు. పట్టుకున్నాక ఫలితాన్ని ఫెయిల్ అని గుర్తు పెట్టి, రెస్పాన్స్ మెసేజ్‌లో కారణం రాయండి. ఎవరు ప్లాన్ ఎలా సెట్ చేసినా సరే ఆగాల్సిందే అనుకుంటే జేమీటర్ స్టాప్ టెస్ట్ ఎక్సెప్షన్ విసరండి. టెస్ట్ మర్యాదగా ఆగిపోతుంది.

లాగిన్ టోకెన్ ఒకటి సెటప్‌లో తీసుకుని అందరికీ పంచేయొచ్చా?

పంచొచ్చు, కానీ అప్పుడు మీరు వెయ్యిమంది యూజర్లని కాదు, వెయ్యి చేతులున్న ఒక్క యూజర్ని పరీక్షిస్తున్నారు. సర్వర్ వైపు ఆ యూజర్ డేటా అంతా క్యాషేలో కూర్చుని స్పందన అందంగా కనిపిస్తుంది. లేదా ఒకే సెషన్ మీద లాకులు పడి లేని సమస్య కనిపిస్తుంది. యూజర్‌కి ఎంత రేటు అన్న పరిమితి ఉంటే అదీ తగులుతుంది. యూజర్ల జాబితా తయారుచేసి ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో టోకెన్ ఇవ్వండి. టోకెన్ గడువు టెస్ట్ నిడివికంటే తక్కువైతే మధ్యలో కొత్తది తీసుకునే దారి కూడా ప్లాన్‌లో ఉండాలి. సెటప్ మళ్లీ నడవదు కదా.

పదివేల యూజర్లని సృష్టించడానికే చాలాసేపు పడుతోంది. ఏం చేయాలి?

ముందు, ప్రతి రన్‌కీ కొత్తగా సృష్టించాల్సిన అవసరం ఉందేమో చూడండి. ఒకసారి సృష్టించి, డేటాబేస్ స్నాప్‌షాట్ తీసి, రన్‌కి ముందు దాన్నే వెనక్కి పెట్టుకోవడం చాలాచోట్ల కుదురుతుంది. కుదరకపోతే సెటప్ గ్రూప్‌లో థ్రెడ్లు పెంచి, పనిని వాటికి పంచండి. ఎవరి వాటా ఏదో థ్రెడ్ నంబర్ని బట్టి తేల్చుకోవచ్చు.

నేరుగా డేటాబేస్‌లోకి తోసేస్తే వేగంగా అవుతుంది. కానీ అప్లికేషన్ చేసే అనుబంధ పనులు (సెర్చ్ ఇండెక్స్, స్వాగత మెయిల్, క్యాషే నింపడం) జరగవు, డేటా నిజమైనదానిలా ఉండదు. అప్లికేషన్ ద్వారానే సృష్టిస్తే ఇంకో చిక్కు: సెటప్ ముగిసేసరికి సర్వర్ అప్పటికే వేడెక్కి ఉంటుంది. ప్రధాన గ్రూప్‌కి స్టార్టప్ డిలే కొంచెం పెట్టి, క్యూలు ఖాళీ అయ్యాక మొదలుపెట్టండి. ఎంతసేపు అన్నది మీ సిస్టమ్ గ్రాఫులు చూసి నిర్ణయించుకోవాల్సిందే, అందరికీ సరిపోయే అంకె లేదు.

## జార్ కట్టి పెట్టేటప్పుడు

జార్ (కంపైల్ చేసిన జావా క్లాసుల మూట) ఏ ఫోల్డర్‌లో పెట్టాలి?

మీ ప్లగిన్ జార్ లిబ్ లోపలి ఎక్స్‌ట్ ఫోల్డర్‌లో. దానికి కావలసిన ఇతర లైబ్రరీలు లిబ్ ఫోల్డర్‌లో. ఫోల్డర్లని జేమీటర్ మొదలయ్యేటప్పుడే చూస్తుంది, కాబట్టి పెట్టాక మూసి తెరవాలి. వేరేచోట ఉంచాలంటే సెర్చ్ పాత్స్ అనే ప్రాపర్టీలో ఆ దారి ఇవ్వొచ్చు.

అన్నీ చేశాను, జావా రిక్వెస్ట్ జాబితాలో నా క్లాస్ మాత్రం కనిపించడం లేదు.

ఈ వరసలో చూడండి. జార్ పొరపాటున ఎక్స్‌ట్‌లో కాక లిబ్‌లో పడిందా? జేమీటర్‌ని నిజంగా మూసి తెరిచారా? క్లాస్ పబ్లిక్‌గా ఉందా, ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ ఉందా, పొరపాటున అబ్‌స్ట్రాక్ట్ అని రాశారా? కొత్త జావాతో కంపైల్ చేసి పాత జావా మీద నడిపే జేమీటర్‌లో పెట్టారా? ఇలాంటప్పుడు జేమీటర్ లాగ్ ఫైల్‌లో క్లాస్ వెర్షన్ సరిపోలేదన్న ఎర్రర్ ఉంటుంది. అదే ఫైల్‌లో "నో క్లాస్ డెఫ్ ఫౌండ్" అని ఉంటే ఏదో డిపెండెన్సీ పెట్టడం మరిచారు. లాగ్ ఫైల్ ఒక్కసారి చదివితే తేలిపోయే దానికి జనం గంటలు పోగొట్టుకుంటారు, ఎందుకో తెలీదు.

జేమీటర్ లైబ్రరీలని కూడా నా జార్‌లో కలిపేయాలా?

వద్దు. మేవెన్‌లో (జావా ప్రాజెక్టు కట్టే టూల్) జేమీటర్ కోర్, జేమీటర్ జావా డిపెండెన్సీలకి స్కోప్ ప్రొవైడెడ్ అని పెట్టండి. కలిపితే ఒకే క్లాస్ రెండు వెర్షన్లలో ఉంటుంది, ఏది ముందు దొరికితే అది లోడవుతుంది. మీ యంత్రంలో నడిచి పక్కవాళ్ల యంత్రంలో నడవని వింతలన్నీ ఇక్కడ్నుంచే పుడతాయి. మీకు కావలసిన లైబ్రరీ వేరే వెర్షన్ జేమీటర్ లిబ్‌లో ఇప్పటికే ఉంటే, షేడ్ ప్లగిన్‌తో మీ కాపీ ప్యాకేజీ పేరు మార్చి కట్టండి.

జేమీటర్ తెరవకుండా యూనిట్ టెస్ట్ రాయొచ్చా?

రాయొచ్చు, రాయాలి కూడా. ఆర్గ్యుమెంట్స్ ఆబ్జెక్టుతో ఒక జావా శాంప్లర్ కాంటెక్స్ట్ కట్టి, సెటప్ టెస్ట్, రన్ టెస్ట్ మెథడ్లని మీరే పిలవండి. ఇంకా మంచి పద్ధతి, అసలు పని చేసే కోడ్‌ని జేమీటర్ ఊసే లేని మామూలు క్లాస్‌లో రాసి, ప్లగిన్ క్లాస్‌ని పారామీటర్లు అందించే పలచటి పొరలా ఉంచడం. రేపు టూల్ మారినా ఆ క్లాస్ మిగులుతుంది.

## నడిపేటప్పుడు

సెటప్ శాంపిళ్లు రిపోర్టులో కలిసి సగటుని పాడుచేస్తున్నాయి. ఎలా తీయాలి?

సెటప్ గ్రూప్ శాంపిళ్లు కూడా మామూలుగా ఫలితాల ఫైల్‌లోకి వెళ్తాయి. మీ శాంపిల్ ఫలితం మీద సెట్ ఇగ్నోర్ పిలిస్తే లిజనర్లు (ఫలితాల్ని అందుకుని రాసే ఎలిమెంట్లు) దాన్ని పట్టించుకోవు. సెటప్ విజయవంతమైనప్పుడు మాత్రమే అలా చేయండి. ఫెయిలైతే ఫైల్‌లో ఆధారం ఉండాలి. కోడ్ మార్చే వీలు లేకపోతే సెటప్ శాంపిళ్ల పేర్లన్నిటికీ మొదట్లో ఒకే మాట (ప్రిఫిక్స్) పెట్టి, హెచ్‌టీఎంఎల్ రిపోర్టు కట్టేటప్పుడు శాంపిల్ ఫిల్టర్‌తో వాటిని వదిలేయండి.

సెటప్‌లో నేనే రాసిన సీఎస్‌వీ ఫైల్‌ని జేమీటర్ దొరకలేదంటోంది.

సీఎస్‌వీ డేటా సెట్ కాన్ఫిగ్ ఎక్కడుందో చూడండి. టెస్ట్ ప్లాన్ పై స్థాయిలో పెడితే అది సెటప్ గ్రూప్‌కి కూడా వర్తిస్తుంది. ఆ గ్రూప్ మొదటి ఇటరేషన్ మొదలవగానే ఇంకా పుట్టని ఫైల్‌ని తెరవబోతుంది. దాన్ని ప్రధాన థ్రెడ్ గ్రూప్ లోపలికి జరపండి. అప్పటికీ రాకపోతే దారి తేడా. సీఎస్‌వీ కాన్ఫిగ్ సాపేక్ష దారిని టెస్ట్ ప్లాన్ ఉన్న ఫోల్డర్ నుంచి చూస్తుంది. మీ జావా కోడ్ జేమీటర్‌ని ఎక్కడ్నుంచి మొదలుపెట్టారో అక్కడ్నుంచి చూస్తుంది. పూర్తి దారి ఇచ్చేస్తే గొడవ ఉండదు. ఫైల్ రాశాక మూయడం మరిచిపోతే చివరి కొన్ని వరసలు లేకుండా పోతాయి, అదీ చూసుకోండి.

మొదటిసారి బాగానే నడిచింది. రెండోసారి పాత విలువలే వస్తున్నాయి.

ప్రాపర్టీలు టెస్ట్ ముగిసినా చెరిగిపోవు, జేమీటర్ ప్రాసెస్ బతికున్నంతకాలం ఉంటాయి. "ప్రాపర్టీ ఇప్పటికే ఉంటే సెటప్ దాటేయి" అని కోడ్ రాసుంటే రెండో రన్ పాత టోకెన్‌తోనే నడుస్తుంది. సెటప్ మొదట్లోనే మీ ప్రాపర్టీలని తీసేసి మొదలుపెట్టండి. అసలు కొలతకి గుయ్ వాడకండి, కమాండ్ లైన్‌లో నడపండి. అప్పుడు ప్రతి రన్‌కీ కొత్త ప్రాసెస్సే.

లాగ్‌లో నా మెసేజ్‌లు కనిపించడం లేదు.

డీబగ్ స్థాయిలో రాసుంటారు. కమాండ్ లైన్‌లో పెద్ద ఎల్ ఫ్లాగ్‌తో మీ ప్యాకేజీ పేరు ఇచ్చి డీబగ్ అని పెట్టండి. సిస్టమ్ అవుట్‌తో ప్రింట్ చేసేవి జేమీటర్ లాగ్ ఫైల్‌లోకి రావు.

## పలు యంత్రాల మీద నడిపేటప్పుడు

ఐదు సర్వర్ల మీద నడిపితే సెటప్ కూడా ఐదుసార్లు నడుస్తోంది. ఒక్కసారే నడిపించడం ఎలా?

జేమీటర్ లోడ్‌ని పంచదు. ప్రతి సర్వర్ మొత్తం టెస్ట్ ప్లాన్‌ని పూర్తిగా నడుపుతుంది. 100 థ్రెడ్ల ప్లాన్ ఐదు సర్వర్లలో 500 థ్రెడ్లవుతుంది, సెటప్ ఐదవుతుంది. "ఒక సర్వర్‌లోనే నడిపించు" అనే బటన్ లేదు.

నా సలహా, మొత్తానికి ఒక్కసారే జరగాల్సిన పనిని జేమీటర్ బయటికి తీసేయండి. అదే కోడ్‌కి చిన్న మెయిన్ క్లాస్ పెట్టి, టెస్టుకి ముందు విడి అంగగా నడపండి. అలా కుదరనప్పుడు సెటప్‌ని ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారని విధంగా రాయండి: ఉంటే వదిలేయి, లేకపోతే సృష్టించు. ఐదూ ఒకే క్షణంలో "లేదు" అని చూసి ఐదూ సృష్టించే ప్రమాదం ఉంది కాబట్టి డేటాబేస్‌లో యూనిక్ కట్టుబాటు (ఒకే విలువని రెండోసారి రానివ్వని నియమం) ఉండాలి, డూప్లికేట్ ఎర్రర్‌ని విజయంగానే లెక్కేయాలి. డేటాని సర్వర్ల మధ్య పంచాల్సి వస్తే, ప్రతి సర్వర్‌ని మొదలుపెట్టేటప్పుడే దానికి వేరే అంకెని ప్రాపర్టీగా ఇచ్చి, ఆ అంకెని బట్టి ఎవరి వరసలు వాళ్లు తీసుకునేలా చేయండి.

నా యంత్రంలో టెస్ట్ స్టార్టెడ్ నడుస్తుంది, రిమోట్ సర్వర్లలో అసలు నడవడం లేదు.

ఆ మెథడ్ రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి ఆర్గ్యుమెంట్ లేనిది, ఒకటి హోస్ట్ పేరు తీసుకునేది. రిమోట్‌గా నడిపినప్పుడు జేమీటర్ రెండోదాన్నే పిలుస్తుంది. మీరు మొదటిదాంట్లో కోడ్ రాసి రెండోది ఖాళీగా వదిలేసుంటారు. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని పిలవండి. టెస్ట్ ఎండెడ్‌కీ ఇంతే. జార్ ప్రతి సర్వర్‌లోనూ ఉండాలని వేరే చెప్పాలా!

కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువ సర్వర్లకి చేరడం లేదు.

పెద్ద జే ఫ్లాగ్ మీ యంత్రంలోని జేమీటర్‌కే. సర్వర్లకీ చేరాలంటే పెద్ద జీ ఫ్లాగ్ వాడండి.

## టెస్ట్ ముగిశాక

టియర్‌డౌన్ నడవలేదు, చెత్త డేటా మిగిలిపోయింది. ఎందుకు?

టెస్ట్ ప్లాన్ స్క్రీన్‌లో, ప్రధాన థ్రెడ్లని షట్‌డౌన్ చేశాక టియర్‌డౌన్ గ్రూపుల్ని నడపాలా అన్న టిక్ ఉంటుంది. అది ఉంటే మర్యాదగా ఆపినప్పుడు టియర్‌డౌన్ నడుస్తుంది. బలవంతంగా ఆపితే టిక్ ఉన్నా నడవదు. ప్రాసెస్‌ని కిల్ చేసినా, యంత్రం పడిపోయినా చెప్పేదేముంది.

అందుకే నేను టియర్‌డౌన్‌ని నమ్ముకోను. శుభ్రం చేసే పనిని తర్వాతి రన్ సెటప్ మొదట్లో పెడతాను. ప్రతి రన్‌కీ ఒక గుర్తు తయారుచేసి, ఆ రన్ సృష్టించే ప్రతి పేరుకీ ముందు తగిలిస్తాను. కొత్త రన్ మొదలవగానే పాత గుర్తులున్నవన్నీ తుడిచేస్తుంది. అదే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఇంకొకరు కూడా టెస్ట్ నడుపుతుంటే మాత్రం జాగ్రత్త, గుర్తులో సమయం కూడా ఉంచి, ఒక రోజు దాటినవాటినే తుడవండి. ఒకసారి నా సెటప్ పక్క టీమ్ నడుపుతున్న టెస్ట్ డేటాని తుడిచేసింది. సమయం చేర్చింది ఆ సాయంత్రమే.

టియర్‌డౌన్‌లో ఎర్రర్ వస్తే టెస్ట్ ఫెయిలైనట్టా?

కాదు. కొలత అప్పటికే అయిపోయింది. లాగ్‌లో వార్నింగ్ రాసి వదిలేయండి. తుడవలేకపోయినవాటి ఐడీలు మాత్రం ఆ వార్నింగ్‌లో ఉండేలా చూడండి, లేకపోతే వాటిని చేత్తో వెతికి తీసేవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు.